పాత డెస్క్‌టాప్ స్థానంలో ల్యాప్‌టాప్: నలభై వేల లోపు కొనేవారికి

ల్యాప్‌టాప్ కొనడానికి బయలుదేరే ముందు ఇంట్లోనే చేయవలసిన పని ఒకటి ఉంది. పాత సీపీయూ పెట్టెను గోడ దగ్గర నుంచి జానెడు ముందుకు జరిపి, దాని వెనుక ఏయే తీగలు దూర్చి ఉన్నాయో చూసి, ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకోవాలి. ఏ కంపెనీ మంచిది, ఎంత ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు ప్రోగ్రాములను పట్టి ఉంచే మెమరీ) కావాలి అని అడిగేవారికి నేను మొదట చెప్పేది ఇదే. ఏళ్ల తరబడి ఆ బల్ల మీద అమర్చుకున్న ప్రింటరు, మానిటరు, స్కానరు, వాటిని నడిపే పాత ప్రోగ్రాములు, అన్నీ రేపు వచ్చే కొత్త యంత్రంతో కలిసి పనిచేయాలి. ఆ లెక్క చూసుకోకుండా కొన్నవారు ల్యాప్‌టాప్‌ను ఒక పక్కన, డెస్క్‌టాప్‌ను మరో పక్కన పెట్టుకుని రెండింటి మీదా సగం సగం పని చేసుకోవడం నేను చూశాను.

నరసన్నపేటలో మా చిన్నాన్నకు బట్టల దుకాణం ఉంది. అక్కడి డెస్క్‌టాప్‌కు బదులు ల్యాప్‌టాప్ తీసుకుందామని ఆయన అన్నప్పుడు, మేమిద్దరం ఆ పెట్టెను వెనక్కి తిప్పి చూశాం. నీలం రంగు మొన, పదిహేను పిన్నులు ఉన్న మానిటరు తీగ. ఊదా రంగు గుండ్రటి రంధ్రంలో కీబోర్డు, ఆకుపచ్చ రంధ్రంలో మౌస్. వెడల్పాటి ఇరవై అయిదు పిన్నుల తీగతో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. రెండు యూఎస్‌బీ రంధ్రాలలో బార్‌కోడ్ స్కానరు, జీఎస్టీ రిటర్నుల కోసం వాడే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్. ఈ ఆరింటిలో మొదటి నాలుగూ ఇప్పుడు తక్కువ ధరకు వచ్చే కొత్త ల్యాప్‌టాప్‌లకు నేరుగా తగిలించలేం. అలాగని పారేయవలసినవీ కావు. నీలం మొన మానిటరును, ల్యాప్‌టాప్‌లోని హెచ్‌డీఎంఐ రంధ్రం నుంచి వీజీఏకు, అంటే ఆ నీలం మొనకు, మార్చే చిన్న కన్వర్టరుతో కలపవచ్చు. ప్రింటరుకు యూఎస్‌బీ రంధ్రం కూడా ఉందేమో ముందు చూడాలి. చాలా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లకు వెనుక ఒక మూలన అది ఉంటుంది కాని, మొదటి రోజు పెద్ద తీగ తగిలించేసినందువల్ల ఎవరూ గమనించరు. లేకపోతే యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కు, అంటే ఆ పెద్ద తీగ రకానికి, మార్చే తీగ దొరుకుతుంది.

అసలు చిక్కు తీగలలో కన్నా ప్రోగ్రాములలో ఉంటుంది. విండోస్‌కు ముందున్న డాస్ కాలం నాటి బిల్లింగ్ ప్రోగ్రామును ఇంకా వాడుతున్న దుకాణాలు ఉన్నాయి. 16 బిట్ డాస్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్ మీద నేరుగా నడవవు. విండోస్ 11 అయితే 64 బిట్‌లో తప్ప రానే రాదు. అటువంటివారు పాత డాస్ యంత్రాన్ని అనుకరించే డాస్‌బాక్స్ వంటి ప్రోగ్రాము మీద నడిపించి చూసుకోవాలి, లేదా ఈ అవకాశంతో కొత్త బిల్లింగ్‌కు మారాలి. అను ఫాంట్లతో పేజ్‌మేకర్ మీద పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు చేసే డీటీపీ మిత్రులు కూడా తమ దగ్గరున్న పాత వెర్షన్లు విండోస్ 11 మీద నడుస్తున్నాయో లేదో, అవే వాడుతున్న మరొకరి యంత్రం మీద కళ్లారా చూసిన తరువాతే సొమ్ము తీయడం మంచిది.

అసలు కొనవలసిన అవసరం ఉందా

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు (భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసరు, ఏఎండీలో రైజెన్ 2000 వరుస లేదా ఆ తరువాతిది, దానితో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. మీ డెస్క్‌టాప్ ఈ గీతకు పైన ఉండి, కేవలం నెమ్మదిగా నడుస్తోందన్నదే బాధ అయితే, లోపల తిరిగే హార్డ్ డిస్క్ ఉందేమో చూడండి. దానికి బదులు తిరిగే భాగాలు లేని, వేగమైన ఎస్ఎస్‌డీ వేయిస్తే అదే యంత్రం మరో నాలుగేళ్లు హాయిగా పనిచేస్తుంది, నలభై వేలూ మీ దగ్గరే ఉంటాయి. గీతకు కింద ఉంటే మాత్రం మార్చే ఆలోచన చేయవలసిందే.

అప్పుడు కూడా డెస్క్‌టాప్‌కే మరో డెస్క్‌టాప్ అనే దారి ఉందని మరచిపోకూడదు. ఒకే ధరకు డెస్క్‌టాప్ ఎక్కువ వేగం ఇస్తుంది, ఏ భాగం పోతే ఆ భాగాన్ని మార్చుకోవచ్చు. ఇంట్లో మంచి ఇన్వర్టరు ఉండి, పని ఎప్పుడూ ఒకే బల్ల దగ్గర జరిగేవారికి అదే మేలు. ల్యాప్‌టాప్ వైపు మొగ్గవలసిన కారణం శ్రీకాకుళం, విజయనగరం వంటి మన జిల్లాలలో ప్రధానంగా కరెంటు. మానిటరుతో కలిపి ఒక మామూలు డెస్క్‌టాప్ వంద వాట్ల దాకా లాగుతుంది. 600 వీఏ యూపీఎస్ దానిని పది, పదిహేను నిమిషాలు నిలబెడితే గొప్ప. టైపింగు, లెక్కల పనిలో తక్కువ ధర ల్యాప్‌టాప్ పది వాట్ల లోపే సరిపెట్టుకుంటుంది కాబట్టి, 42 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్నా నాలుగు గంటలు పని సాగుతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. మందస వైపు ఉన్న మా బంధువుల ఇంటికి నేను వెళ్లేసరికి, వీధిలో ఒక ఇంటి అరుగు మీద జనరేటరు నడుస్తోంది. దాని చుట్టూ పొడుగాటి ఎక్స్‌టెన్షన్ బోర్డుల మీద పదుల కొద్దీ ఫోన్లు, వాటి మధ్య ఒక్క ల్యాప్‌టాప్. ఆ ల్యాప్‌టాప్ మీద ఒక కుర్రవాడు పడిపోయిన కొబ్బరి చెట్ల వివరాలు ఒక్కొక్క రైతు పేరున ఎక్కిస్తున్నాడు. నా డెస్క్‌టాప్ అదే సమయంలో శ్రీకాకుళంలో గుడ్డ కప్పుకుని కూర్చుంది. పని ఆగకూడని వారు ల్యాప్‌టాప్ తీసుకోవాలన్న నా అభిప్రాయం ఆ రోజున ఏర్పడింది.

తరువాత మార్చలేని వాటి మీద సొమ్ము పెట్టాలి

ల్యాప్‌టాప్ లోపల కొన్ని భాగాలు రేపు మార్చుకోగలిగినవి, కొన్ని జన్మలో మార్చలేనివి. ప్రాసెసరు బోర్డుకు సోల్డర్ చేసి, అంటే టంకంతో అతికించి, వస్తుంది. తెర, కీబోర్డు మార్చవచ్చు కాని ఖర్చు భరించలేం. ర్యామ్ కొన్నింటిలో మార్చవచ్చు, కొన్నింటిలో మార్చలేం. ఎస్ఎస్‌డీని చాలా వాటిలో మార్చవచ్చు. చేతిలో సొమ్ము తక్కువగా ఉన్నప్పుడు మార్చలేని వాటికి ఎక్కువ కేటాయించి, మార్చుకోగలిగిన వాటిలో సర్దుకోవాలి. దుకాణంలో మనకు చూపించే వరుస సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో కనిపించేది ఒక టెరాబైట్ అనే మాట. ర్యామ్ సోల్డర్ చేసినదా కాదా అన్నది ఎక్కడా కనిపించదు.

ఈ సంగతి నేను నష్టపోయి తెలుసుకున్నాను. 2019లో ఒక కంపెనీ ల్యాప్‌టాప్‌ను ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్ చూసి కొన్నాను. నాలుగు జీబీల ర్యామ్ ఉంది, తరువాత వేసుకుందాంలే అనుకున్నాను. ఆరు నెలల తరువాత వెనుక మూత విప్పి చూస్తే ర్యామ్ దూర్చే చోటే లేదు. నాలుగు నల్లటి చిప్పులు బోర్డుకు అంటుకుని ఉన్నాయి, అంతే. హార్డ్ డిస్క్‌ను ఎస్ఎస్‌డీగా మార్చగలిగాను కాని, ఆ నాలుగు జీబీలను అయిదు జీబీలు కూడా చేయలేకపోయాను. ఎక్సెల్, బ్రౌజరు, టాలీ (వ్యాపార లెక్కల ప్రోగ్రాము) మూడూ కలిపి తెరిస్తే అది ఊపిరాడక ఆగిపోయేది.

అందుచేత ర్యామ్ గురించి రెండు ప్రశ్నలు అడగాలి: ఎన్ని జీబీలు ఉన్నాయి, ఖాళీ స్లాటు (ర్యామ్ దూర్చే చోటు) ఉందా. ఎనిమిది జీబీల కన్నా తక్కువ ఉన్నదానిని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. ఎనిమిది జీబీలు బోర్డు మీద ఉండి, మరొకటి వేసుకునే స్లాటు ఖాళీగా ఉంటే మంచి బేరమే. ఎనిమిది జీబీలే ఉండి స్లాటు లేకపోతే, నాలుగైదేళ్లు వాడదలచినవారు దానిని వదిలేయాలి. డీడీఆర్4 రకం స్లాటులో డీడీఆర్5 రకం ర్యామ్ ఎక్కదు, డీడీఆర్5 స్లాటులో డీడీఆర్4 ఎక్కదు కాబట్టి, పాత ల్యాప్‌టాప్‌లో తీసిన ర్యామ్ దీనికి పనికివస్తుందని లెక్క వేసుకోకూడదు. ఒకప్పుడు ఎనిమిది జీబీలతో కొని, మిగిలినది బయట చవకగా వేయించుకోమని సలహా ఇచ్చేవాడిని. 2025 చివరి నుంచి మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగినందువల్ల ఆ సలహాను ఇప్పుడు కళ్లు మూసుకుని ఇవ్వలేను. అదే మోడల్‌లో ఎనిమిది జీబీల దానికీ పదహారు జీబీల దానికీ తేడా ఎంతో చూసి, విడిగా ర్యామ్ కొంటే ఎంతవుతుందో అడిగి, ఏది తక్కువైతే అది చేయండి.

ప్రాసెసరు విషయంలో పేరు కన్నా అంకెలను చదవడం నేర్చుకోవాలి. ఇంటెల్‌లో ఐ3 కన్నా ఐ5 మంచిది, ఐ5 కన్నా ఐ7 మంచిది అని మనవాళ్లు అనుకోవడం సహజమే కాని, అది ఒకే తరానికి చెందిన వాటి మధ్యనే నిజం. పాత సరుకు అమ్మేవారి దగ్గర ఐ7-4600యు అనే ప్రాసెసరుతో ల్యాప్‌టాప్‌లు కనిపిస్తాయి. ఐ7 తరువాత వచ్చే 4 అనే అంకె అది నాలుగో తరానిదని చెబుతుంది. అందులో ఉన్నవి రెండు కోర్లే (ఒకేసారి వేర్వేరు పనులు చేసే భాగాలు), పైగా విండోస్ 11 అర్హత కూడా లేదు. ఐ3-1215యు అనేది పేరుకు ఐ3యే అయినా పన్నెండో తరానిది, ఆరు కోర్లు ఉన్నది. దుకాణం లెక్కలకు, విద్యార్థి పనికి, ఇంటి వాడకానికి ఆ స్థాయి చాలు. ఐ5-1235యు అదే ధరకు దగ్గరగా దొరికితే, పది కోర్లు ఉన్నది కాబట్టి, సందేహించకుండా తీసుకోవచ్చు.

ఏఎండీలో మోసపోవడం ఇంకా తేలిక. రైజెన్ 5 7520యు, రైజెన్ 5 7530యు అని రెండు ఉన్నాయి. ఒక్క అంకె తేడా కాబట్టి వరుసగా పక్కపక్కన పెడితే ఎవరైనా ఒకటే అనుకుంటారు. 7000 వరుసలో మూడో అంకె లోపలి నిర్మాణం ఏ తరానిదో చెబుతుంది. 7520యులో ఆ అంకె 2, అంటే జెన్ 2 నిర్మాణం, నాలుగు కోర్లు. 7530యులో ఆ అంకె 3, అంటే జెన్ 3, ఆరు కోర్లు. పై అంకెలు చూసి రెండూ 2023 సరుకే అనుకుంటాం, కాని మొదటిది పాత ఇంజనుకు కొత్త రంగు వేసినట్టిది. 7520యు ఉన్న ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ కూడా బోర్డుకే సోల్డర్ చేసి వస్తుంది. ధర బాగా తక్కువైతే, పదహారు జీబీలతో వస్తే తీసుకోండి. 7530యు ధరకు మాత్రం వద్దు.

ఇంటెల్ చౌక రకం సెలెరాన్ ఎన్4020 వంటి రెండు కోర్ల ప్రాసెసర్లు ఉన్నవి ఇరవై వేల దరిదాపుల్లో ఆకర్షిస్తాయి. పాత డెస్క్‌టాప్ కన్నా అవే నెమ్మదిగా ఉండే అవకాశం ఎక్కువ. ఇంటెల్ ఎన్100 నాలుగు కోర్లతో వాటి కన్నా నయం. ఉత్తరాలు, బ్రౌజరు, వీడియో పాఠాలు తప్ప మరేమీ చేయనివారికి సరిపోతుంది, అంతకు మించి ఆశించకూడదు.

నిల్వ స్థలం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ 512 జీబీలు ఉంటే నిశ్చింత, 256 జీబీలు ఉన్నా పెళ్లి వీడియోలు దాచనివారికి సర్దుకుంటుంది. 64 లేదా 128 జీబీల ఈఎంఎంసీ అని రాసి ఉంటే మాత్రం ఆ ల్యాప్‌టాప్‌ను కింద పెట్టేయండి. అది ఫోన్లలో, ట్యాబ్లెట్లలో వాడే రకం నిల్వ. చాలా వాటిలో మార్చడానికి వీలుండదు, విండోస్ అప్‌డేట్లకే నిండిపోతుంది.

తెర, మీటలు

తెర మీద తెలుగు చదివేవారు ఇంగ్లీషు చదివేవారి కన్నా ఎక్కువ జాగ్రత్తగా ఎంచుకోవాలి. తెలుగులో వత్తులు అక్షరం కింద చిన్నగా వస్తాయి. 1366×768 చుక్కల తెర మీద చిన్న అక్షరాలతో ఉన్న పీడీఎఫ్ తెరిస్తే త వత్తా, న వత్తా అన్నది తేలదు. మీభూమి పోర్టల్ నుంచి దింపుకున్న 1-బి కాగితం ఒకటి ఫోన్‌లోనో పెన్ డ్రైవ్‌లోనో ఉంచుకుని, దుకాణంలో ఆ ల్యాప్‌టాప్ మీదే తెరిపించి చదవండి. రైతు పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు ఉన్న గడులు పెద్దవి చేయకుండా చదవగలిగితే ఆ తెర పనికివస్తుంది. 1920×1080 ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ రకం (పక్క నుంచి చూసినా రంగులు తిరగబడని) ప్యానెల్ అడగండి. తెరను కొద్దిగా వెనక్కి వంచి, పక్క నుంచి కూడా చూడండి. రంగులు తిరగబడి నల్లగా కనిపిస్తే అది టీఎన్ ప్యానెల్. వీధిలోకి తెరచి ఉన్న దుకాణంలో పెట్టుకునేవారు వెలుతురులో ఎలా కనిపిస్తుందో గుమ్మం దాకా తీసుకువచ్చి చూడడానికి మొహమాటపడకూడదు.

మా చిన్నాన్నకు నేను మొదట పద్నాలుగు అంగుళాల ల్యాప్‌టాప్ చూపించాను. తేలిగ్గా ఉంది, తెర బాగుంది, ధర కూడా కుదిరింది. ఆయన దానిని ఒళ్లోకి లాక్కుని, కుడిచేతిని అలవాటుగా కుడి చివరకు తీసుకువెళ్లి, వేళ్లు గాల్లో ఆగిపోగానే నా వైపు చూశారు. "అంకెల మీటలు లేకుండా నేను బిల్లు ఎలా కొడతాన్రా?" అన్నారు. ముప్పై ఏళ్లుగా కుడిపక్క అంకెల మీటల మీద చూడకుండా కొట్టే చేతికి పై వరుస అంకెలు పనికిరావు. లెక్కల పని చేసేవారు 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లో, అది కూడా కుడివైపు అంకెల మీటలు ఉన్నదానిని చూసుకోవాలి, లేదా విడిగా యూఎస్‌బీ కీబోర్డుకు లెక్కలో చోటు ఉంచాలి.

ల్యాప్‌టాప్‌ను బల్ల మీదే ఉంచి డెస్క్‌టాప్‌లా వాడదలచినవారికి నా సలహా, మొత్తం సొమ్మునూ ల్యాప్‌టాప్ ధరకే పెట్టేయవద్దని. నలభై వేలు ఉంటే ముప్పై ఆరు, ముప్పై ఏడు వేల దగ్గర ల్యాప్‌టాప్ ఎంచుకుని, మిగిలినది కీబోర్డు, మౌస్, కన్వర్టరు, స్టాండు కోసం పక్కన ఉంచాలి. పాత మానిటరు బాగుంటే ల్యాప్‌టాప్ తెరతో కలిపి రెండు తెరలు అవుతాయి. ఒక తెర మీద బిల్లు పుస్తకం స్కాన్, రెండో తెర మీద ఎంట్రీ పెట్టుకుని పనిచేయడం అలవాటైతే మళ్లీ ఒక్క తెరకు రాలేం.

సర్వీసు ఎంత దూరం

నగరాలలో ఉండేవారు రాసే సలహాలలో ఈ సంగతి కనిపించదు కాని, మనకు ఇది ప్రాసెసరు అంత ముఖ్యం. చాలా కంపెనీల అధీకృత సర్వీసుకు మనం విశాఖపట్నం వైపే చూడాలి. విజయనగరం వారికి అది గంటన్నర, రెండు గంటల ప్రయాణం. శ్రీకాకుళం నుంచి నూరు కిలోమీటర్లకు పైమాటే. సోంపేట, ఇచ్ఛాపురం వారికైతే రానూ పోనూ రోజంతా పోతుంది. నా ల్యాప్‌టాప్‌లలో ఒకదానికి వారంటీలో ఉండగానే మీటలు పనిచేయడం మానేస్తే, ఆమదాలవలసలో రైలెక్కి ఒకసారి ఇవ్వడానికి, భాగం వచ్చాక మరోసారి తెచ్చుకోవడానికి వెళ్లాను. రెండు పనిదినాలు పోయాయి, మధ్యలో రెండు వారాలు వేరొకరి కంప్యూటరు మీద పని చేసుకోవలసి వచ్చింది.

కాబట్టి వారంటీ ఎన్నేళ్లు అని అడిగి ఊరుకోకుండా, ఆన్‌సైటా, క్యారీ-ఇన్నా అని అడగండి. ఆన్‌సైట్ అంటే మనిషి మన ఇంటికి వస్తాడు. క్యారీ-ఇన్ అంటే మనమే మోసుకువెళ్లాలి. ఆన్‌సైట్ అని డబ్బా మీద ఉన్నా మీ పిన్‌కోడ్‌కు వర్తిస్తుందో లేదో కంపెనీ కస్టమర్ కేర్‌కు కొనకముందే ఫోన్ చేసి కనుక్కోండి. రెండు మోడళ్లు దాదాపు సమానంగా ఉన్నప్పుడు నేను వెయ్యి, రెండు వేలు ఎక్కువైనా ఇంటికి వచ్చి బాగుచేసే దానినే ఎంచుకుంటాను.

ఒకసారి వాడిన బిజినెస్ ల్యాప్‌టాప్‌లు

ఇరవై అయిదు వేలు కూడా దాటలేనివారికి కొత్త సెలెరాన్ కన్నా పాత బిజినెస్ ల్యాప్‌టాప్ మంచిదని నా గట్టి నమ్మకం. పెద్ద ఆఫీసులు మూడు, నాలుగేళ్లు వాడి తీసేసిన లెనోవో థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 7490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 వంటివి రీఫర్బిష్డ్ (బాగుచేసి మళ్లీ అమ్మేవి) పేరుతో దొరుకుతాయి. వీటి ఒళ్లు గట్టిది, మీటలు బాగుంటాయి, ర్యామ్, ఎస్ఎస్‌డీ మార్చుకోవచ్చు. అయితే ఇవే మోడళ్లు ఏడో తరం ప్రాసెసరుతో కూడా అమ్ముడయ్యాయి. ఐ5-8250యు, ఐ5-8350యు అని 8తో మొదలయ్యే అంకె ఉన్నదే తీసుకోవాలి. 7తో మొదలైతే విండోస్ 11 అర్హత ఉండదు.

పాతదానిని తీసుకునేటప్పుడు యంత్రాన్ని ఆపి, మళ్లీ వేసి, బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందు తెరుచుకునే సెట్టింగులలోకి) వెళ్లి చూపించమని అడగండి. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే, అది తెలియనివాడి దగ్గర కొనకూడదు. విండోస్‌లో బ్యాటరీ రిపోర్టు తీస్తే డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు వస్తాయి. రెండోది మొదటిదానిలో సగానికి దిగిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమనాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రాముతో ఎస్ఎస్‌డీ ఆరోగ్యం తెలుస్తుంది. మూత నాలుగైదుసార్లు తెరచి మూసి, కీలు దగ్గర కరకర శబ్దం వస్తుందేమో వినండి.

దుకాణంలో, బిల్లు దగ్గర

ఆన్‌లైన్ ధర ఒకసారి చూసుకుని, శ్రీకాకుళం జి.టి. రోడ్డులోనో, విజయనగరం గంటస్తంభం పరిసరాలలోనో ఉన్న దుకాణాలలో అడగండి, వీలైతే విశాఖ ద్వారకానగర్‌లో కూడా. వెయ్యి రూపాయల తేడా అయితే నేను ఊరి దుకాణానికే ఓటు వేస్తాను. మొదటి వారంలో ఏదైనా తేడా వస్తే వెళ్లి అడగడానికి ఒక మనిషి ఉంటాడు. తేడా నాలుగైదు వేలు ఉంటే మాత్రం ఆన్‌లైన్‌లో తీసుకోవడంలో తప్పు లేదు, డబ్బా విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఫోన్‌తో వీడియో తీయండి.

యంత్రం చేతికి రాగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోట మెమరీ మీద నొక్కితే, కుడిపక్క కింద స్లాట్స్ యూజ్డ్ అని ఒక వరుస కనిపిస్తుంది. "1 ఆఫ్ 2" అని ఉంటే చాలావరకు ఒక చోటు ఖాళీగా ఉన్నట్టే. అయితే కొన్ని యంత్రాలలో సోల్డర్ చేసిన చిప్పులను కూడా స్లాటుగానే లెక్కపెట్టి చూపిస్తుంది కాబట్టి, ఆ మోడల్ వివరాలను కంపెనీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. అదే కిటికీలో ప్రాసెసరు పేరు, ఎస్ఎస్‌డీ వివరం కూడా ఉంటాయి. అమ్మినవారు చెప్పినదానికీ, అక్కడ ఉన్నదానికీ ఒక్క అంకె తేడా ఉన్నా అక్కడే ఆగి అడగాలి.

విండోస్ వేసి వచ్చిందా, డాస్ అని రాసి ఉందా అన్నది ధర పోల్చేటప్పుడు మరచిపోకూడదు. డాస్ అంటే విండోస్ లైసెన్సు లేదని అర్థం; దుకాణంలో వేసి ఇస్తామంటారు కాని అది చాలాసార్లు దొంగ కాపీ. వర్డ్, ఎక్సెల్ ఉండే మైక్రోసాఫ్ట్ ఆఫీసు విషయంలో కూడా ఒకసారి కొనుక్కునే హోమ్ (ఇంతకు ముందు హోమ్ అండ్ స్టూడెంట్) రకమా, కొంతకాలం తరువాత డబ్బు అడిగే 365 రకమా అని స్పష్టంగా అడగండి.

బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం ఉంటుంది. రెగ్యులర్ పద్ధతిలో నమోదైన వ్యాపారి తన జీఎస్టీ నంబరుతో బిల్లు తీసుకుని, దానిని వ్యాపారానికే వాడితే, ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టవలసిన జీఎస్టీలో మినహాయింపుగా, తీసుకోవచ్చు. నలభై వేల బిల్లులో అది సుమారు 6,100 రూపాయలు. అంత సొమ్ము పోగొట్టుకుని మామూలు బిల్లుతో వచ్చేసిన వ్యాపారులను నేను చాలామందిని చూశాను. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవారికి ఈ వీలు లేదు. వడ్డీ లేని వాయిదాలు అన్నచోట కూడా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ పడతాయి కాబట్టి, చివరికి మీ జేబు నుంచి వెళ్లే మొత్తం ఎంతో కాగితం మీద వేయించుకుని చూడండి.

ఇంటికి తెచ్చాక

కొత్త యంత్రం వచ్చిన ఉత్సాహంలో పాత డెస్క్‌టాప్‌ను వెంటనే తుడిచేయవద్దు. టాలీ వాడేవారు ముందుగా పాత యంత్రంలో లైసెన్సును సరెండర్ చేసి, తరువాత కొత్తదానిలో యాక్టివేట్ చేసుకోవాలి. డెస్క్‌టాప్ చెడిపోకముందే ఈ పని చేస్తే అయిదు నిమిషాలు. చెడిపోయాక అయితే ఫోన్ల చుట్టూ తిరగాలి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌కు, వేలిముద్ర యంత్రానికి డ్రైవర్లు (వాటిని నడిపే చిన్న ప్రోగ్రాములు) కొత్తగా వేసుకోవాలి. రిటర్ను గడువుకు ముందు రోజు కాకుండా వారం ముందే వేసి, ఒకసారి సంతకం పెట్టి పరీక్షించండి. డెస్క్‌టాప్‌లోని 3.5 అంగుళాల హార్డ్ డిస్క్‌కు 12 వోల్టుల కరెంటు విడిగా కావాలి కాబట్టి, మామూలు యూఎస్‌బీ కేసులో అది తిరగదు. అడాప్టరుతో వచ్చే డాక్ తీసుకోవాలి. ఫైళ్లన్నీ ఎక్కించుకున్న తరువాత కూడా ఆ డిస్క్‌ను ఆరు నెలలు బీరువాలో ఉంచండి. ఏదో ఒక పాత జాబితా తప్పక గుర్తుకు వస్తుంది.

రోజంతా ఛార్జింగులోనే పెట్టి వాడేవారు బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపే వీలును ఆన్ చేసుకోవాలి. లెనోవో వాంటేజ్‌లో కన్జర్వేషన్ మోడ్ అనీ, మైఆసుస్‌లో బ్యాటరీ హెల్త్ ఛార్జింగ్ (కొత్త వాటిలో బ్యాటరీ కేర్ మోడ్) అనీ ఉంటుంది; మరికొన్నింటిలో బయోస్‌లో ఉంటుంది. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున మాత్రం దానిని తీసేసి పూర్తిగా నింపుకోండి. ల్యాప్‌టాప్ కింద గాలి ఆడాలి, పరుపు మీద, దుకాణంలో బట్టల తానుల మీద పెట్టకూడదు. లోహపు ఒళ్లు ఉన్న ల్యాప్‌టాప్‌ను ఛార్జింగులో ముట్టుకుంటే చిమచిమలాడుతోందంటే మీ సాకెట్లో ఎర్తింగు సరిగా లేదని అనుమానించాలి. పాత ఇళ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి చూపించండి.

ఇక మిగిలింది డెస్క్‌టాప్ కింద ఉన్న యూపీఎస్. దానిని సీపీయూతో పాటు పాత సామాను వాడికి ఇచ్చేయకండి. ల్యాప్‌టాప్‌కు సొంత బ్యాటరీ ఉంది, ఇంటర్నెట్ రూటరుకు లేదు. వంద వాట్ల డెస్క్‌టాప్‌ను పావుగంట కూడా మోయలేని ఆ పెట్టె, బ్యాటరీ బాగుంటే పది వాట్ల రూటరును గంటకు పైగా నడుపుతుంది. మా చిన్నాన్న దుకాణంలో ఇప్పుడు కరెంటు పోయినప్పుడు ఫ్యాను ఆగుతుంది, బిల్లు ఆగడం లేదు.